పేరు చెప్పని కార్డు

"నాలుగింటికి వీణ్ణి మేజిస్ట్రేట్ ముందర నిలబెట్టాలె అలీ సాబ్. మీరు చూసేదేందో జల్ది చూసుకోర్రి," అన్నాడు ఎస్సై కురుమయ్య. టేబుల్ మీదున్న కంప్యూటర్ వైపు లాఠీ చూపించి, "చచ్చిన డబ్బాను ఎన్నిసార్లు చూసినా చచ్చినట్లే ఉంటది," అని కూడా అన్నాడు.

లియాఖత్ అలీ ముక్కు మీదికి జారిన కళ్లద్దాలను పైకి నెట్టుకుని తెరను చూస్తూ నిలబడ్డాడు. తెర మీద ఒక పొడుగాటి గీత సగం పైన నిండి ఆగిపోయి ఉంది. ఆదివారం పొద్దున ఆగిన గీత, మంగళవారం మధ్యాహ్నానికి కూడా వెంట్రుకవాసి కదలలేదు.

ఇందులోకి మేమెట్లా వచ్చామో చెప్పాలి. అలీ సాబ్ పోలీసు వైర్‌లెస్‌లో చాలా ఏళ్లు పనిచేసి, పై అధికారితో పొసగక ఉద్యోగం వదిలేసి, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఆ ఆఫీసు కింది గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నాది. నా పేరు మైసయ్య. కంప్యూటర్లు వచ్చినప్పటి నుంచి నా బెంచీలు ఖాళీ అవుతున్నాయి కాబట్టి ఆ యంత్రమంటే నాకు ఒళ్లు మంట. ఈ పొద్దున ఈదమ్మ వచ్చి నా గుమ్మంలో కూలబడి, "సారూ, నీ దగ్గర టైపు నేర్సిన నా కొడుకు పర్వతాలును పోలీసులు పట్కపోయిన్రు," అనకపోతే నేను ఆ డబ్బా మొహం చూసేవాణ్ణే కాదు. పర్వతాలు నా దగ్గర నేర్చుకున్న వాళ్లందరిలోకీ చురుకైనవాడు. నా మెషీన్లను వదిలి కంప్యూటర్ నేర్చుకోవడానికి పోయినప్పుడు వాడితో కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. అయినా వాడు దొంగ అంటే నేను నమ్మను. అందుకే ఈదమ్మను వెంటబెట్టుకుని పైగదిలో ఉన్న అలీ సాబ్ దగ్గరికి తీసుకుపోయాను.

మేము నిలబడ్డది జడ్చర్ల దగ్గర హైవే పక్కనున్న మల్లన్న ధర్మకాంటా ఆఫీసు గది. లారీలను, ట్రాక్టర్లను సరుకుతో సహా తూచే కాంటా అది. బయట నేల మీద పరిచిన ఇనుప పలకల మీదికి బండి ఎక్కితే లోపల కంప్యూటర్ తెర మీద బరువు పడుతుంది. చుట్టుపక్కల రైతులు పల్లికాయ తెచ్చి ఇక్కడ తూకం వేయించుకుని ఎదురుగా ఉన్న నూనె మిల్లుకు అమ్ముకుంటారు. ఈ మధ్య తూకం తక్కువ వస్తోందని గొడవ మొదలైంది. తూనికల శాఖ ఇన్‌స్పెక్టర్ సోమవారం పరీక్షకు వస్తానని కబురు చేశాడు. కాంటా నడిపే పర్వతాలు ఆదివారం కంప్యూటర్‌లో పాత విండోస్ మీద కొత్త విండోస్ తొంభై ఐదు ఎక్కించడం మొదలుపెట్టాడు. అది సగం ఎక్కి, తనంతట తానే ఒకసారి ఆగి మళ్లీ మొదలై, అక్కడ బిగుసుకుపోయింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆగిన తెరను చూసి, బాగయ్యాక పిలవమని వెళ్లిపోయాడు. రైతులు తిరగబడ్డారు. తప్పుడు తూకాలు బయటపడతాయన్న భయంతో పర్వతాలే కావాలని కంప్యూటర్‌ను చెడగొట్టాడని కాంటా ఓనరు ఐలేశం ఫిర్యాదు రాసిచ్చాడు.

గదిలో మాతోపాటు మరో ఇద్దరున్నారు. ఒకడు ఆ ఐలేశమే. నుదుట విభూతి, నడుముకు తాళాల గుత్తి, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లు. రెండోవాడు విద్యాధర్. ఈ కంప్యూటర్‌ను అమ్మి, బిగించి పోయిన హైదరాబాదు ఇంజనీరు. ఒళ్లో ఫ్లాపీల డబ్బా పెట్టుకుని, ఎప్పుడెప్పుడు పని మొదలుపెడదామా అన్నట్టు కూర్చున్నాడు.

"వైరస్ అండీ. అనుమానమే లేదు," అన్నాడు విద్యాధర్. "డిస్కు మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కిస్తే గంటలో నడుస్తుంది."

"తుడిస్తే లోపల ఏం మిగులుతది?" అలీ సాబ్ అడిగాడు.

"ఏమీ మిగలదు. కొత్తదానిలా అవుతుంది."

"శవాన్ని కడిగి, అత్తరు పూసి, ఇప్పుడు పోస్టుమార్టం చేసుకోర్రి అన్నట్లుంది. ఆగుర్రి జర."

కురుమయ్యకు ఈ మాట నచ్చలేదు. "అలీ సాబ్, మీరు డిపార్ట్‌మెంట్ల ఉన్నన్ని దినాలు వైర్‌లెస్ ముందర కూసోని హలో హలో అన్నరు. దొంగలను పట్టింది మేము. ఓనరు ఫిర్యాదు ఇచ్చిండు, పొలగాడే ఆఖరికి ముట్టిండు, డబ్బా పాడైంది. ఇందుల ఇంకేం చూస్తరు?"

"నిజమే. హలో అనుడే నా పని. హలో అంటే ఎవరు పలికిన్రు, ఎవరు పలుకలేదు, అది రాసుకునుడు. దానికే జీతమిచ్చిన్రు నాకు," అన్నాడు అలీ సాబ్ ఏ మాత్రం కోపం లేకుండా. "పొలగాన్ని లోపలికి పిలువుర్రి. అరగంట చాలు."

ఎస్సై గొణుక్కుంటూ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. బయట జీపులో ఉన్న పర్వతాలును తీసుకొచ్చారు. చేతులకు బేడీలు. నన్ను చూసి తల దించుకున్నాడు. వాడి వెనకే గుమ్మం దాకా వచ్చిన ఈదమ్మ లోపలికి రాకుండా అక్కడే చతికిలబడింది. ఆమె ఈ కాంటా పలకలనే రోజూ ఊడుస్తుంది.

అలీ సాబ్ సూటిగా మొదలుపెట్టాడు. "ఎక్కడ ఆగింది?"

"ఫైళ్లన్నీ మంచిగనే ఎక్కినయి సార్. తనంతల తనే బందై మల్ల లేసింది. లేసినంక, డబ్బాల ఏమేం సామాన్లున్నయో ఎతుకుతున్న అని తెర మీద రాసింది. గీత ఆడిదాక వచ్చి ఆగింది."

"ఆగితే ఏం చెయ్యాల్నో నీకు ఎరుకనా?"

"అదే చెప్పింది సార్. శానసేపు కదలకపోతె కరెంటు మొత్తం ఆర్పి మల్ల ఏసుకోమని తెర మీదనే రాసి ఉన్నది."

"మరెందుకు ఆర్పలే?"

పర్వతాలు ఐలేశం వైపు ఒక్కసారి చూసి, మళ్లీ తల వంచుకున్నాడు.

"నేనే వద్దన్న," అన్నాడు ఐలేశం. "అయ్యగారిని అడిగి మంచి ఘడియ చూసుకొని, పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి మొదలువెట్టించిన. ముందర దీపం ముట్టించి మొదలువెట్టిన పనిని నడిమిట్ల ఆర్పుతరా సాబ్? ఇంటికి అరిష్టం కాదా?"

అప్పుడు చూశాను సరిగ్గా. కంప్యూటర్ తెర పైభాగాన పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. వాడిపోయిన బంతిపూల దండ వేలాడుతోంది. పక్కన చిన్న ఇత్తడి దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నవ్వు రాలేదు నాకు. దసరా నాడు నా టైపు మెషీన్లన్నింటికీ నేనూ బొట్లు పెడతాను.

"రెండు దినాలు కరెంటు పోలేదా సేటూ?" అలీ సాబ్ అడిగాడు.

"ఎందుకు పోలేదు? పోయినప్పుడల్ల జనరేటర్ పెట్టిన. డీజిల్ పోసుకుంట గీడనే కూసున్న. దీపం ఆరలే, గిది ఆరలే."

"మూడు మీటలు కలిపి కొట్టి లేపిన సార్," అన్నాడు పర్వతాలు. "కరెంటు ఆర్పద్దన్నరని అదొక్కటే చేసిన. ఎన్నిసార్లు లేపినా ఆడికే వచ్చి నిలవడుతాంది."

"తూకాల సంగతి చెప్పు. తక్కువ వస్తుందని నీకు ఎరుకేనా?"

"ఎరుకే సార్. సేటుకు చెప్పిన. ఇంజనీరు సార్‌కు ఫోన్ చేయించిన. కాంటా మంచిగున్నది, లోపల ఏం ముట్టద్దన్నడు." పర్వతాలు చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు కనిపించాడు. "సార్, మిల్లోల్ల లారీలు ఎక్కినప్పుడు బరువు సరిగ్గనే వస్తది. రైతుల బండ్లు ఎక్కినప్పుడే తగ్గుతది. నేను శాన దినాలు చూసిన. ఎక్కిన బండి ఎవలదో కాంటాకు ఎట్ల తెలుస్తది సార్?"

ఇనుప పలకలు, తీగలు, ఒక డబ్బా. వాటికి రైతెవడో షావుకారెవడో తెలియడమేమిటి? అలీ సాబ్ ఇంకో ప్రశ్న వేశాడు.

"నువ్వు ఒక్కనివే ఉన్నప్పుడు ఎట్ల తూగుతది?"

"నేనొక్కణ్ణే ఎప్పుడుంట సార్? సేటు లేని నాడు కాంటా బందే. ఆయన బువ్వ కూడ గీడనే తింటడు."

"ఇవన్నీ కథలు," అన్నాడు కురుమయ్య. "కాంటా మనుషులను గుర్తువడుతదంట. కోర్టుల చెప్పుకో."

అలీ సాబ్ ఐలేశం దగ్గరికి వెళ్లి చాలా మెల్లగా అడిగాడు. "సేటూ, దీన్ని ఒకసారి ఆర్పాలె."

"వద్దు సాబ్. మీ కాళ్లు మొక్కుత."

"ఆయన సొత్తు. ఆయన వద్దంటుండు. మీరెవరు ఆర్పెటందుకు?" ఎస్సై అడ్డం వచ్చాడు. విద్యాధర్ కూడా లేచి నిలబడి, ఆర్పితే డిస్కు పూర్తిగా పోతుందని, అప్పుడు తన పూచీ లేదని అన్నాడు.

అలీ సాబ్ వాళ్లిద్దరినీ పట్టించుకోలేదు. "సేటూ, ఒక్క సంగతి చెప్పు. మీ ఇంట్ల దీపాన్ని పాత కుంది నుంచి కొత్త కుందికి మార్చాల్నంటె ఏం చేస్తరు? ఆర్పి ముట్టిస్తరా?"

"ఛ. అట్ల ఎవరన్న చేస్తరా? మొదలు దాన్నుంచి ఇంకో వత్తి ముట్టించుకుంటం. అది మంచిగ అంటుకున్నంకనే పాతది కొండెక్కిస్తం."

"గదే చేద్దాం. ఇంకో దీపం ముట్టియ్యి. నువ్వు పెట్టిన పూజ ఆ దీపం మీద ఉంటది. డబ్బా ఒక నిమిషం నిద్రపోయి లేస్తది. దీపం ఆరదు, పని ఆగదు."

ఐలేశం దీపం వైపు చూశాడు. కలమా చదివే మనిషి నోటి నుంచి ఈ మాట రావడం అతన్ని మెత్తబరిచిందేమో. ఇంకో ప్రమిద తెచ్చి, రెండో వత్తి అంటించాడు. అంటించాక కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. అతని భయం నటన కాదని నేను ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్పగలను.

పర్వతాలు చేతి బేడీ ఒకటి విప్పించాడు అలీ సాబ్. వాడు మీట నొక్కాడు.

రెండు రోజులుగా ఆ గదిలో ఆగకుండా మోగుతున్న సన్నని రొద ఒక్కసారిగా పోయింది. తెర నల్లబడింది. పర్వతాలు పెదవులు కదుపుతూ పది దాకా లెక్కపెట్టుకుని మళ్లీ మీట వేశాడు.

తెర వెలిగింది. అక్షరాలు వచ్చాయి, పోయాయి. పొడుగాటి గీత మళ్లీ మొదటి నుంచి నిండసాగింది. ఆగిన చోటు దగ్గరపడుతున్నకొద్దీ నాకు తెలియకుండానే తెర దగ్గరికి జరిగాను. నా బతుకు మీద దెబ్బకొట్టిన యంత్రం, అది చస్తే నేను స్వీట్లు పంచాలి. కానీ ఆ క్షణాన అది ముందుకు పోవాలని మల్లన్నకు నేనూ మొక్కుకున్నాను.

గీత ఆ చోటికి వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. దాటిపోయింది.

"దాటింది సార్," అన్నాడు పర్వతాలు. కళ్లలో నీళ్లు.

"ఎట్ల దాటింది?" అడిగింది నేనే. ఆగలేకపోయాను. "అదే డబ్బా, అదే పని. రెండు దినాలు పోనిది ఇప్పుడెట్ల పోయింది?"

"మొదలు అది డబ్బాల ఉన్న ఒక్కొక్క సామాను దగ్గరికి పోతది సార్. నువ్వెవరు, నీ పేరేంది అని అడుగుతది. పాత విండోస్ మనం చెప్పినవాటినే చూసేది. గిది అన్నిటినీ అడుగుతది. అయితే అడిగేముందే, ఇగ ఫలానదాన్ని అడగవోతున్న అని ఓ మూలకు రాసిపెట్టుకుంటది. ఆ సామాను పలికిందనుకోర్రి, ఆ రాత కొట్టేసి ముందుకు పోతది. పలుకకుండ దీన్నే పట్టుకొని ఇడువలేదనుకోర్రి, గాడనే పాణం పోతది. గని ఆ రాత అట్లనే ఉంటది. మల్ల కరెంటు వచ్చినప్పుడు లేసి చూసుకుంటది. నన్ను చంపింది గిదే అని ఎరుకైతది. ఇగ దాని జోలికి పోకుండ పక్కనుంచి పోతది."

"మూడు మీటలతో లేపితే ఎందుకు కాలేదు?"

"అట్ల లేపితే లోపలి సామాన్లకు కరెంటు పోదు సార్. పట్టుకున్నది ఇడువదు. ఆ రాత చూసుకునేదాక పోనే పోదు, మల్ల దాని చేతులనే పడుతది."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నా టైపు మెషీన్లు ఇరవై ఏళ్లుగా నేను కొట్టిందే కొట్టాయి. ఇది మాత్రం తన చావును తానే ముందుగా ఊహించి, ఎవరి చేతిలో పోతానో రాసిపెట్టుకుని, తిరిగి లేచి చదువుకుంటోంది. దీన్ని తయారుచేసినవాడెవడో గానీ వాడికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

అలీ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరణ వాంగ్మూలం మాస్టర్," అన్నాడు నాతో. "వైర్‌లెస్ సెట్టు పట్టుకొని ఎంతమంది చచ్చేటోళ్ల దగ్గర కూసున్ననో లెక్కలేదు. చంపింది ఎవరని అడుగుతుంటెనే పాణాలు పోయేటివి. ముందుగల్ల రాసిపెట్టుకొని చచ్చేటోన్ని ఇయ్యాల చూసిన." ఆ గొంతులో అంత గౌరవం నేను ఎప్పుడూ వినలేదు.

గీత చివరిదాకా నిండి డబ్బా పూర్తిగా లేచాక ఆయన పర్వతాలు భుజం మీద చెయ్యి వేశాడు. "ఎవరి పేరు రాసింది?"

పర్వతాలు మీటలు కొట్టాడు. కొట్టడంలో నా దగ్గర నేర్చుకున్న తీరే ఉంది. తెర మీద వచ్చిన వరసలు చదివి ముఖం ముడిచాడు. "నాలుగో పోర్టు అంటాంది సార్. బయటి తీగలు కలిపే జాగా అన్నట్లు. కాంటా తీగ వచ్చేది రెండోదానికి. నాలుగోది ఈ కంప్యూటర్‌కు లేనే లేదు."

"లేనిది ఎట్ల చంపింది?"

"అది మామూలే అండీ, తప్పుగా చూపిస్తుంది," అని విద్యాధర్ గబగబా అంటుండగానే అలీ సాబ్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. వైర్‌లెస్ మనిషి జేబులో అది ఎప్పుడూ ఉంటుంది. డబ్బా వెనక మరలు విప్పి మూత లాగాడు.

లోపల పచ్చటి పలకల మధ్య, అడుగున, అరచేతి కంటే చిన్న కార్డు ఒకటి గుచ్చి ఉంది. దాని మీద ఏ పేరూ లేదు, ఏ నంబరూ లేదు. కాంటా నుంచి వచ్చిన తీగ నేరుగా కంప్యూటర్‌లోకి పోకుండా ముందు ఆ కార్డులోకి దూరి, అక్కడి నుంచి లోపలికి పోతోంది. కార్డు చివరన వేలెడు పొడుగు రాగి తీగ దేనికీ తగలకుండా నిలబడి ఉంది.

"పిడుగుల నుంచి కాపాడే కార్డు," అన్నాడు విద్యాధర్.

"నా దగ్గర చెల్లదు ఇంజనీర్ సాబ్," అన్నాడు అలీ సాబ్. "ఈ తీగ పిడుగు కోసం కాదు. ఇది చెవి. ఎవరో దూరం నుంచి మాట్లాడితే వింటది. విని, కాంటా చెప్పిన బరువును మార్చి లోపలికి పంపుతది. అందుకనే నీ పేరేంది అంటె పలుకలే. పలికితే దొరికిపోతది కదా."

ఇంత బయటపడ్డాక గొడవ తీరిందనుకున్నాను. కురుమయ్య ముందుకు వంగి కార్డును చూశాడు. నిటారుగా నిలబడి, పర్వతాలు చేతికి విప్పిన బేడీని మళ్లీ వేశాడు.

"శుక్రియా అలీ సాబ్. నిన్నటిదాక చెడగొట్టిండనే కేసు. ఇప్పుడు మోసం కేసు కూడ దొరికింది. రోజంత ఈ డబ్బా ముందర కూసునేది ఎవరు? వీడు. మూత తీసుడు ఎవరికి ఎరుక? వీనికి. నడువురా."

నాకు ఎస్సై చెప్పినదాంట్లో తప్పు కనిపించలేదు, అదీ బాధ. గుమ్మంలో ఈదమ్మ లేచి నిలబడింది. ఏడవలేదు. అలీ సాబ్ వైపు చూసి, "పొద్దుగాల నీ దగ్గరికి రాకుంటనే మంచిగుండు సారూ," అని మాత్రం అంది. ఆ మాటకు ఆయన మొహం ఎట్లా అయిందో నేను చూశాను.

"ఎస్సై గారూ, ఒక్కటి అడుగుత. ఇస్తే ఇయ్యిర్రి," అన్నాడు చివరికి. "పోయేటప్పుడు మీ జీపును కాంటా మీది నుంచి పోనియ్యిర్రి. డబ్బా లేసింది కదా, నిజం చెప్తదో అబద్ధం చెప్తదో చూద్దాం. జీపు బరువు ఎంతో మీకు ఎరుకనా?"

"పోయిన నెలనే ఫిట్‌నెస్ చేయించినం. రవాణా ఆఫీసుల తూచి రాసిన కాగితం జీపులనే ఉన్నది."

"ఇంకేం. లోపలున్న మనుషుల బరువు కలుపుకుందాం. సరిగ్గ వస్తే ఈ కార్డు ఉత్తదే, నా మాట అబద్ధం. మీరు పర్వతాలును తీస్కపోర్రి, నేను ఇంటికి పోత."

కురుమయ్యకు ఈ పందెం నచ్చింది. పర్వతాలును, ఒక కానిస్టేబుల్‌ను, డ్రైవర్‌ను జీపులో కూర్చోబెట్టి కాంటా మీదికి ఎక్కించారు. పర్వతాలు అప్పటికే కాంటా ప్రోగ్రాం తెరిచిపెట్టి వెళ్లాడు. కొత్త విండోస్ మీద అది మొదటిసారి వెలిగింది. తెర మీద పెద్ద అంకెలు పడ్డాయి. వెయ్యిన్నీ ఐదు వందల తొంభై.

"ఆ కాగితం తెచ్చి సదువుర్రి," అన్నాడు అలీ సాబ్.

ఎస్సై బయటికి నడిచాడు. నేను, ఐలేశం, విద్యాధర్ తెరకేసి చూస్తూ నిలబడ్డాం. అలీ సాబ్ ఎందుకో తెరకు వీపు పెట్టి, మా వైపు తిరిగి, కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

నా కళ్ల ముందే అంకె మారింది. బయట జీపు కదల్లేదు, ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. వెయ్యిన్నీ ఐదు వందల తొంభై ఉన్నది వెయ్యిన్నీ ఆరు వందల అరవై అయి కూర్చుంది.

"అలీ సాబ్, పెరిగింది," అన్నాను. "ఎవరూ ముట్టకుండానే పెరిగింది."

"నేను అంకె చూడలేదు మాస్టర్. చేతులు చూసిన," అంటూ ఆయన రెండడుగులు వేసి ఐలేశం ఎడమ చెయ్యి మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో నడుము తాళాల గుత్తి ఉంది. తాళాల మధ్య అగ్గిపెట్టె కంటే చిన్న నల్లటి బిళ్ల, దాని మీద ఒకే ఒక్క బటన్. ఐలేశం బొటనవేలు ఇంకా దాని మీదే ఉంది.

కాగితంతో లోపలికి వచ్చిన కురుమయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎస్సై గారూ, మీ కాగితం మీద ఎంతున్నా సరే, మనుషులను కలిపితే అది తెర మీదున్న ఈ రెండో అంకెకే సరిపోతది, చూసుకోర్రి," అన్నాడు అలీ సాబ్. "సరిగ్గ తూగితె నేను ఇంటికి పోత అన్ననని సేటు నొక్కిండు. అంకె మారిన ఘడియల పర్వతాలు జీపుల ఉన్నడు. రెండు చేతులకూ మీరేసిన బేడీలున్నయి."

కురుమయ్య కాగితం చూశాడు. తెర చూశాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. లెక్క కుదిరింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కాంటాకు బండెవలదో తెలువదు," అన్నాడు అలీ సాబ్ నాతో. "ఎరుకున్నది సేటుకు. అందుకే బువ్వ కూడ గీడనే తింటడు."

ఐలేశం గోడకు ఆనుకుని కిందికి జారాడు. నాకు కోపం ఆగలేదు. "దీపం ఆరితే అరిష్టమని ఏడ్చిన మనిషివి. వాణ్ణి జైలుకు పంపేటప్పుడు ఏ అరిష్టం యాదికి రాలేదా సేటూ?"

"అది నిజంగ భయమే సారూ," అన్నాడు ఐలేశం నా వైపు చూడకుండా. "దేవునికి భయపడ్డ. గిది యాపారం అనుకున్న."

"అసలు కొత్త విండోస్ ఎందుకు ఎక్కియ్యనిచ్చినవ్?" కురుమయ్య గొంతు మారింది.

"సడక్ మీద కొత్త కాంటావాడు రంగుల తూకం చిట్టీలు ఇస్తుండు. మనకూ కావాలె అన్న. ఇది లోపల ఇల్లిల్లు తిరిగి పేర్లు అడుగుతదని నాకేమెరుక?"

ఎస్సై విద్యాధర్ వైపు తిరిగాడు. అతను ఎప్పుడు లేచాడో, తలుపు దగ్గరికి చేరుకున్నాడు. కురుమయ్య లాఠీని గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. "బటన్ నొక్కితె బరువు తగ్గాలె కదా. ఇక్కడ పెరిగిందేంది?"

విద్యాధర్ మామూలు సంగతి చెప్పినట్టే చెప్పాడు. "కరెంటు రాగానే కోత మొదలవుతుందండీ. బటన్ నొక్కితేనే అసలు బరువు. వచ్చేవి ఎక్కువగా రైతుల బండ్లే కదా. ప్రతిసారీ నొక్కాలంటే కష్టం."

నిజాన్ని చూపించడానికి మీట నొక్కాల్సిన కాంటా. దాని పేరు ధర్మకాంటా.

"ఇటువంటివి ఇంకెన్ని పెట్టినవ్?" అడిగాడు అలీ సాబ్.

"ఈ ఒక్కటే..." అని మొదలుపెట్టి, కురుమయ్య మొహం చూసి ఆగాడు. "ఇటు జడ్చర్ల. అటు చౌటుప్పల్, నకిరేకల్. ఈ గొడవ మొదలైనప్పుడే వాళ్లకు ఫోన్లు చేశాను. మా మనుషులు తుడవడానికి ఈ పాటికి బయలుదేరి ఉంటారు."

అలీ సాబ్ టేబుల్ మీది ఫోన్ అందుకున్నాడు. కురుమయ్య ఆయన చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకున్నాడు. "నేను చేస్త అలీ సాబ్. వైర్‌లెస్ పెట్టిస్త. ఆ రెండు జాగలల్ల డబ్బాను ఎవరూ ముట్టకుండ చూస్తరు." తర్వాత కిటికీలోంచి గట్టిగా కేకేశాడు. "ఆ పిలగాని బేడీలు తీసి దింపుర్రి."

లోడు లారీల డ్రైవర్లు, రైతులు కిటికీకి అడ్డంగా మూగిపోయారు. బయట ఏం జరుగుతోందో నాకు కనబడలేదు. తెర ఒక్కటే కనబడుతోంది. పర్వతాలు జీపు దిగాడని ఎవరో అన్నారు. పలకల మీదే నిలబడ్డాడేమో, అంకె తగ్గలేదు. వెయ్యిన్నీ ఆరు వందల అరవై దగ్గరే ఉంది.

తర్వాత నా కళ్ల ముందే అంకె మళ్లీ పెరిగింది. నలభై కిలోలు.

నేను ఉలిక్కిపడి ఐలేశం చేతుల వైపు చూశాను. అవి ఖాళీగా నేల మీద ఉన్నాయి. నల్లటి బిళ్ల అలీ సాబ్ జేబులో ఉంది. గుమ్మం వైపు తిరిగి చూస్తే, ఇంతసేపూ అక్కడ నిలబడి ఉన్న ఈదమ్మ లేదు.